తప్పు జవాబు ఎక్కడ పుట్టింది?

ఒకటి నుంచి మూడో తరగతి దాకా చదివే పిల్లల్ని లెక్కల పోటీ పరీక్షలకు తయారు చేయడం గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ప్రశ్నల్ని కొంత కుదించాం. పిల్లలు చెప్పిన తప్పు జవాబుల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. మాకు కావలసిన సమాచారమంతా వాటిలోనే ఉంది.

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. ‘ప్రసాదం వరుసలో గోపి ముందు నుంచి 5వ వాడు, వెనక నుంచి 4వ వాడు. వరుసలో మొత్తం ఎంతమంది?’ అని అడిగితే ప్రతిసారీ 9 అంటాడు. జవాబు 8 అని ఎన్నోసార్లు చెప్పాను. అంకెలు మారిస్తే మళ్లీ అదే తప్పు. ‘రెండూ కలిపి ఒకటి తీసెయ్యి’ అని సూత్రం నేర్పేస్తే సరిపోతుందా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సూత్రం మాత్రం నేర్పకండి. ఈ ప్రశ్న వరకు అది గట్టెక్కిస్తుంది, పక్క ప్రశ్నలో ముంచుతుంది. ఇవే అంకెలతో ఉన్న ఈ మూడు ప్రశ్నలు చూడండి.

గోపి ముందు నుంచి 5వ వాడు, వెనక నుంచి 4వ వాడు. మొత్తం 8.
గోపి ముందు నుంచి 5వ వాడు, గోపి వెనక 4 మంది ఉన్నారు. మొత్తం 9.
గోపి ముందు 5 మంది, వెనక 4 మంది ఉన్నారు. మొత్తం 10.

పరీక్ష పేపర్లో ఈ మూడింట్లో ఏదైనా రావచ్చు. ఇచ్చిన అయిదు ఆప్షన్లలో 8, 9, 10 మూడూ ఉంటాయి. ప్రశ్న తయారు చేసేవాళ్లు పిల్లలు చేసే తప్పుల్నే ఆప్షన్లుగా పెడతారు. ఒకటి తీసెయ్యడం మాత్రమే తెలిసిన పిల్లవాడు మూడింటికీ 8 దిద్ది వస్తాడు.

మీ బాబుకు కూడిక వచ్చు. అతను గోపిని రెండుసార్లు లెక్కపెడుతున్నాడు, ఆ సంగతి అతనికి కనబడటం లేదు. కనబడాలంటే చేతితో చేయాలి. పది చింతపిక్కలు, ఒక గోళీ తీసుకోండి. గోళీయే గోపి. ‘ముందు నుంచి 5వ వాడు అంటే గోపి ముందు ఎంతమంది?’ అని అడిగి, 4 పిక్కలు పెట్టి ఆ తర్వాత గోళీ పెట్టమనండి. ఇక ‘వెనక నుంచి 4వ వాడు’. ఇక్కడ చాలామంది పిల్లలు గోళీ వెనక 4 పిక్కలు పెట్టేస్తారు. వెంటనే సరిదిద్దవద్దు. ‘వెనక నుంచి వేలు పెట్టి లెక్కపెట్టు, గోపి ఎన్నోవాడు వచ్చాడు?’ అని మాత్రం అడగండి. అయిదో వాడని తనే చూసి, తనే ఒక పిక్క తీసేస్తాడు. ఆ పిక్క తీసిన చెయ్యి అతనిదే కావడం ముఖ్యం. మూడు ప్రశ్నలూ ఇలా ఒకే రోజు, ఒకదాని పక్కన ఒకటి చేయించండి. మర్నాడు పిక్కలు లేకుండా నోట్‌బుక్కులో చుక్కలు పెట్టి చేయించండి.

మూడో తరగతి అక్కో అన్నో ఇంట్లో ఉంటే వాళ్లకు ఇది ఇవ్వండి: గోపి ముందు నుంచి 5వ వాడు, సీత వెనక నుంచి 4వది, ఇద్దరి మధ్యా ఇద్దరున్నారు. మొత్తం ఎంతమంది? గోపి ముందు, సీత వెనక ఉంటే 11. సీతే ముందుంటే మొత్తం 5గురే. ప్రశ్నలో ఎవరు ముందో చెప్పలేదని పిల్లలు కనిపెట్టిన రోజు నిజంగా పండగ చేసుకోవచ్చు.

ఈ ఒకటి తేడా జబ్బు వరుసలతో ఆగదు. పుస్తకంలో 8వ పేజీ నుంచి 15వ పేజీ దాకా చదివితే ఎన్ని పేజీలు? 15లోంచి 8 తీసేసి 7 అంటారు, చదివినవి 8. కర్రను 5 ముక్కలు చేయడానికి ఎన్ని కోతలు? 5 అంటారు, 4 చాలు. మీటరు తాడుకు ఈ కొస నుంచి ఆ కొస దాకా 10 సెంటీమీటర్లకొక మామిడాకు కడితే తోరణానికి 10 ఆకులు చాలవు, 11 కావాలి. అదే తాడును గుండ్రంగా ముడేస్తే 10 చాలు, రెండు కొసల ఆకులూ ఒకే చోటికి వస్తాయి కాబట్టి. ఒకటో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు 40 మెట్లయితే, ఒకటి నుంచి ఆరుకు ఎన్ని? మూడుకు రెట్టింపు ఆరు కదా అని 80 అంటారు. ఒకటికీ మూడుకీ మధ్య ఎక్కేది రెండు అంతస్తులే, అంటే అంతస్తుకు 20 మెట్లు. ఒకటి నుంచి ఆరుకు అయిదు అంతస్తులు, 100 మెట్లు.

వీటన్నిటికీ మందు ఒకటే: ముందు చిన్న అంకెతో గీసి చూడటం. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. గేట్లన్నీ ఒకే వరుసలో ఉన్నాయనుకుంటే గేటుకూ గేటుకూ మధ్య స్తంభాలు ఎన్ని? 70 గీయలేం. 2 గేట్లయితే 1 స్తంభం, 3 అయితే 2, 4 అయితే 3. ఇక్కడిదాకా గీసిన పిల్లలు 69 అని వాళ్లే చెబుతారు. ‘ఆ కొసనా ఈ కొసనా కూడా స్తంభాలుంటే?’ అని వెంటనే అడగండి. 71 రావాలి.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. రోజూ 40 బిట్ల వర్క్‌షీట్ చేయిస్తున్నాను. మొదటి వారం హుషారుగా చేసింది. ఇప్పుడు పుస్తకం చూస్తేనే కడుపునొప్పి అంటోంది. రోజుకు ఎన్ని చేయించాలి?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: నాలుగు. అవును, నలభైలో సున్నా తీసేయండి.

ఏడేళ్ల పాప ఒక కొత్త లెక్క మీద మనసు పెట్టి కూర్చోగలిగేది 15, 20 నిమిషాలు. 40 బిట్లు ఆ సమయంలో పూర్తి కావాలంటే ఆలోచించకుండా దిద్దడం ఒక్కటే మార్గం, పాప అదే నేర్చుకుంటుంది. నాలుగింట్లో మొదటిది తప్పకుండా వచ్చేది ఉండాలి. తర్వాతి రెండూ కాస్త తడుముకునేవి. నాలుగోది కష్టమైనది, అది ఆ రోజు రాకపోయినా ఫరవాలేదు. రేపటికి, ఎల్లుండికి వదిలేయండి, జవాబు మాత్రం చెప్పకండి. వారానికి అయిదు రోజులు చాలు.

ఒక గళ్ల నోట్‌బుక్కు తప్పుల కోసమే పెట్టండి. ఎడమ పేజీలో ప్రశ్న, కుడి పేజీలో పాప గీసిన బొమ్మ. తప్పయిన ప్రతి లెక్క పక్కనా మార్జిన్‌లో ఒక అక్షరం వేయండి. ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకుంటే ‘చ’ (చదవడం), బొమ్మ తప్పు గీస్తే ‘బొ’, అంతా సరిగ్గా చేసి కూడికలో పొరపాటు చేస్తే ‘లె’. రెండు వారాల తర్వాత మార్జిన్ చూడండి. ‘చ’లు ఎక్కువుంటే ఎన్ని కూడికలు చేయించినా లాభం లేదు. ప్రశ్నను పైకి చదివించి, సొంత మాటల్లో చెప్పించాలి. ‘లె’లు ఎక్కువుంటే అప్పుడు కూడికల సాధన. తప్పయిన లెక్కను మూడు రోజుల తర్వాత అలాగే ఒకసారి, రెండు వారాల తర్వాత అంకెలు మార్చి మరోసారి ఇవ్వండి.

గడియారం పెట్టి చేయించడం పరీక్షకు మూడు వారాల ముందు మొదలుపెడితే చాలు. అంతకు ముందే పెడితే పిల్లలు గడియారాన్నే చూస్తారు. కడుపునొప్పి విషయం: ఒక వారం పూర్తిగా మానేసి, ఆ తర్వాత ఒక్క లెక్కతో మొదలుపెట్టండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, వంక అని వదిలేయవద్దు.

ప్రశ్న: ప్రైమరీ స్కూల్లో లెక్కలు చెబుతాను. ‘రాము దగ్గర 8 గోళీలున్నాయి. అవి సీత దగ్గరున్న వాటికన్నా 3 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?’ క్లాసులో సగం మందికి పైగా 11 అన్నారు. కూడికా తీసివేతా రెండూ బాగా వచ్చిన పిల్లలు కూడా అలాగే చెప్పారు. ‘ఎక్కువ అంటే కలపాలి’ అని కింది తరగతిలో నేర్చుకున్నారు. దీన్ని ఎలా వదిలించాలి?
– ఒక ఉపాధ్యాయిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కారణం మీరే పట్టుకున్నారు. ‘ఎక్కువ’ వస్తే కూడిక, ‘తక్కువ’ వస్తే తీసివేత, ‘మొత్తం’ వస్తే కూడిక అని ఒక పట్టిక గోడకు అతికించే అలవాటు చాలా స్కూళ్లలో ఉంది. పాఠ్యపుస్తకంలోని లెక్కల్లో అది పది సార్లకు తొమ్మిది సార్లు పనిచేస్తుంది, అందుకే పిల్లలు నమ్ముతారు. పోటీ పేపర్ సరిగ్గా ఆ పదోసారి కోసం తయారవుతుంది. ఆ పట్టిక గోడ మీద ఉంటే తీసేయమని మా గట్టి మాట.

దాని బదులు లెక్కలోంచి అంకెలు తీసేసి బోర్డు మీద రాయండి: ‘రాము దగ్గర కొన్ని గోళీలున్నాయి. అవి సీత దగ్గరున్న వాటికన్నా ఎక్కువ.’ ఇప్పుడు ఒకే ప్రశ్న: ఎవరి దగ్గర ఎక్కువ? అంకెలు లేవు కాబట్టి కలపడానికి ఏమీ లేదు, చదవక తప్పదు. రాము అని తేలాక రాముకు పొడుగు గీత, దాని కింద సీతకు పొట్టి గీత గీయించండి. రెండు గీతలూ ఎడమ పక్క ఒకే చోట మొదలవ్వాలి. కొందరు పిల్లలు సీత గీతను మధ్యలో మొదలుపెడతారు, అప్పుడు తేడా ఎక్కడుందో కనబడదు. ఆ తర్వాత అంకెలు తిరిగి పెట్టండి: పొడుగు గీత మీద 8, మిగిలిపోయిన తోక మీద 3. పొట్టి గీత 5. పొట్టి గీతకు 11 అని ఏ పిల్లవాడూ రాయడు.

ఈ గీతలు అలవాటయ్యాక దీన్ని ఇవ్వండి: రాము సీతకు 2 గోళీలు ఇచ్చాడు, ఇప్పుడు ఇద్దరి దగ్గరా సమానం. మొదట రాము దగ్గర ఎన్ని ఎక్కువ? దాదాపు అందరూ 2 అంటారు. ఇద్దరు పిల్లల్ని ముందుకు పిలిచి ఒకరికి 7, ఒకరికి 3 పిక్కలిచ్చి చేయించండి. రెండు అటు వెళ్లగానే 5, 5. మొదటి తేడా 4. ఇచ్చినవాడి దగ్గర 2 తగ్గాయి, పుచ్చుకున్నవాడి దగ్గర 2 పెరిగాయి. తేడా రెండు వైపులా తరిగింది.

మీరు అడగకపోయినా ఒక మాట. ఈ పేపర్లు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. ‘డిఫరెన్స్’ అంటే చూడటానికి ఎలా వేరుగా ఉన్నాయో చెప్పాలనుకునే పిల్లలున్నారు. ‘ఈచ్’ను వదిలేసి చదివి, తలా మూడు అన్నదాన్ని మొత్తం మూడు అనుకుంటారు. ‘అట్ లీస్ట్’ వినగానే ‘లీస్ట్’ ఒక్కటే వినిపిస్తుంది, అన్నిటికన్నా చిన్నది దిద్దుతారు. ఈ మూడింటినీ తెలుగులో చెప్పి, ఆ తర్వాత ఇంగ్లీషులో అదే లెక్క చదివించండి. అలాగే ‘ఫోర్టీన్’ విని 41 రాసే పిల్లలు: ఇంగ్లీషు మాటలో నాలుగు ముందు వినబడుతుంది. తెలుగులో ఆ చిక్కు లేదు. పదమూడు, పద్నాలుగు, పదిహేను, అన్నిట్లోనూ పదే ముందు, రాసేటప్పుడూ పదుల అంకే ముందు. ‘పద్నాలుగు అంటే పదీ నాలుగూ’ అని ఒకసారి తెలుగులో విప్పితే చాలామందికి అక్కడితో సరిపోతుంది. ఇంగ్లీషు మీడియం కదా అని ఈ వసతిని వదులుకోకండి.

ప్రశ్న: మా చిన్నప్పుడు ఇరవయ్యో ఎక్కం దాకా, పావు ముప్పావు ఎక్కాలతో సహా బట్టీ పట్టించేవారు. మనవడు ఒకటో తరగతి. పోటీ పరీక్ష రాయిస్తామంటున్నారు. ఎక్కాలు మొదలుపెట్టనా, అబాకస్‌లో చేర్పించమని కోడలికి చెప్పనా?
– ఒక తాతగారు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఎక్కాలు మంచివే తాతగారూ, ఒకటో తరగతికి మాత్రం అవి రెండో మెట్టు. మొదటి మెట్టు పదికి జోడీలు: 9కి 1, 8కి 2, 7కి 3, 6కి 4, 5కి 5. పది చింతపిక్కలు చాప మీద పోసి కొన్నిటిని అరచేతి కింద దాచి, బయట ఉన్నవి చూసి లోపల ఎన్నున్నాయో చెప్పమనండి. తడుముకోకుండా చెప్పే రోజు వచ్చాక 8, 7 కలపమనండి. 7లోంచి 2 తీసి 8కి ఇస్తే పది, మిగిలిన 5తో పదిహేను. వేళ్లు లెక్కపెట్టే అవసరం అక్కడితో పోతుంది. తర్వాత జంటలు (6, 6 పన్నెండు, 7, 7 పద్నాలుగు), ఆ తర్వాత 2, 5, 10 ఎక్కాలు.

అబాకస్ వేగాన్ని ఇస్తుంది. ఈ వయసు పోటీ పేపర్లలో వేగంగా చేయాల్సిన పెద్ద కూడికలు తక్కువ, కాబట్టి దీని కోసమే అయితే అక్కర్లేదు. ఎక్కం రాని పిల్లవాడు కూడా చేయగల లెక్క ఒకటి చూడండి. దొడ్లో కోళ్లూ మేకలూ కలిపి 5 తలలు, 14 కాళ్లు. మేకలెన్ని? అయిదు గుండ్రాలు గీయించండి, అవి తలలు. ఒక్కోదానికి రెండేసి కాళ్లు గీయించండి, పది అయ్యాయి. ఇంకా నాలుగు కాళ్లు మిగిలాయి, వాటిని రెండేసి చొప్పున ఇస్తే రెండు తలలకు సరిపోయాయి. మేకలు 2, కోళ్లు 3. ఒకటో తరగతి పిల్లలు దీన్ని పలక మీద హాయిగా చేస్తారు.

ఇంట్లో ముగ్గు వేసేవాళ్లుంటే మీకు పుస్తకమే అక్కర్లేదు. మూడు చుక్కలు, ఒకటి వచ్చేదాకా సందు చుక్క: 1, 2, 3, 2, 1, మొత్తం 9. నాలుగు చుక్కలతో మొదలుపెడితే 1, 2, 3, 4, 3, 2, 1, మొత్తం 16. ఆ ముగ్గును మూల మీద నిలబడ్డ చదరంలా చూడమనండి, నాలుగేసి చుక్కల నాలుగు వరుసలు కనిపిస్తాయి. ఏడు చుక్కలు, నాలుగు దాకా సందు చుక్క పెడితే 4, 5, 6, 7, 6, 5, 4, మొత్తం 37. మనవడు ఒక్కొక్క చుక్కా లెక్కపెడితే పెట్టనివ్వండి. ‘పైన నాలుగు, కింద నాలుగు, ఇవి రెండూ ఒకటే కదా తాతా’ అని అతనే అంటాడు. మీరు ఎదురు చూడాల్సిన మాట అది.

ప్రశ్న: మూడో తరగతి పాపకు ‘బొమ్మలో ఎన్ని చదరాలు’, ‘ఎన్ని త్రిభుజాలు’, ‘ఎన్ని ఘనాలు’ అనే ప్రశ్నల్లో ఎప్పుడూ తక్కువే వస్తాయి. కీలో ఉన్న అంకె ఎలా వచ్చిందో నాకే అర్థం కావడం లేదు.
– ఒక తల్లి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: కంటికి తోచిన వరుసలో లెక్కపెడితే పెద్దవాళ్లకూ తక్కువే వస్తాయి. లేదా ఒకటే రెండుసార్లు వస్తుంది. కాబట్టి లెక్కపెట్టే ముందు క్రమం ఒకటి ఎంచుకోవాలి.

చదరాలకు క్రమం సైజు. మూడు అడ్డం, మూడు నిలువు గళ్ల బొమ్మలో ఒక గడి చదరాలు 9, రెండు గళ్ల పొడుగున్నవి 4, మొత్తం బొమ్మ 1. కలిపి 14. ఎక్కువగా తప్పిపోయేవి మధ్యలోని ఆ నాలుగు, అవి ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. రెండు గళ్ల పొడుగు, రెండు గళ్ల వెడల్పు అట్టముక్క కత్తిరించి బొమ్మ మీద పెట్టి ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి జరిపితే నాలుగు చోట్ల కూర్చోవడం పాప చూస్తుంది.

త్రిభుజాలకు క్రమం పేర్లు. పెద్ద త్రిభుజాన్ని పై మూల నుంచి కింది గీతకు రెండు గీతలు గీసి మూడు ముక్కలు చేశారనుకోండి. ముక్కలకు అ, ఆ, ఇ అని రాయండి. ఒక ముక్కవి: అ, ఆ, ఇ. రెండు ముక్కలవి: అఆ, ఆఇ. మూడు ముక్కలది: అఆఇ. మొత్తం 6. ‘అఇ ఎందుకు లేదు?’ అని పాపనే అడగండి. మధ్యలో ఆ ఉంది, రెండూ అంటుకోవు.

ఘనాల దగ్గర తప్పు వేరు రకం. గది మూలలో మెట్లు మెట్లుగా పేర్చిన దొంతర బొమ్మ ఇస్తారు, పాప కనబడినవే లెక్కపెడుతుంది. పైనున్నది గాల్లో నిలబడదని, కింద మరొకటి ఉండి తీరాలని బొమ్మ చెప్పదు. ఒకే సైజు చెక్క దిమ్మలు, దొరక్కపోతే ఒకే సైజు అట్టపెట్టెలు తీసుకుని మూలలో ఇలా పేర్చండి: గోడ వెంట వరుసలో 3, 2, 1 ఎత్తులు, దాని ముందు వరుసలో 2, 1, దాని ముందు 1. మూలకు ఎదురుగా కూర్చుని కాస్త పై నుంచి చూస్తే 6 కనబడతాయి. ఉన్నవి 10. ఇప్పుడు పై నుంచి చూసినట్టు కాగితం మీద గళ్లు గీసి, ప్రతి గడిలో ఆ దొంతర ఎత్తు రాయించండి. 3, 2, 1, 2, 1, 1. కలిపితే 10. పరీక్షలో దిమ్మలుండవు, ఈ గళ్ల పటం మాత్రం రఫ్ వర్క్‌లో పది సెకన్లలో వేసుకోవచ్చు. నాలుగైదు సార్లు చేత్తో పేర్చాక మాత్రమే కాగితానికి రండి, మొదటి రోజే పటం నేర్పితే అది కూడా అర్థం కాని ఇంకో సూత్రమే అవుతుంది.

ప్రశ్న: ‘1, 2, 4, తర్వాత?’ అన్న దానికి మా వాడు 7 అన్నాడు, కీలో 8 ఉంది. వాడు చెప్పిన కారణమూ సరిగ్గానే ఉంది. ఏది ఒప్పు?
– ఒక తండ్రి, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: రెండూ ఒప్పే, ప్రశ్న తప్పు. రెట్టింపు చేసుకుంటూ పోతే 8. ఒకటి, రెండు, మూడు చొప్పున పెంచుకుంటూ పోతే 7. మూడు అంకెలిచ్చి నాలుగోది అడిగితే ఇలాగే ఉంటుంది. 1, 2, 4, 7, 11 దాకా ఇచ్చి ఉంటే 16 అని ధైర్యంగా చెప్పొచ్చు. ఇలాంటి ప్రశ్నలు రెండు మూడు కనబడితే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. మీవాడికి ‘నీ జవాబు తప్పు కాదు’ అని ఈరోజే చెప్పండి.

ప్రశ్న: ఒకటో తరగతి నుంచే ఒలింపియాడ్‌లు రాయిస్తే అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు దారి పడుతుందంటున్నారు. నిజమా? నెగెటివ్ మార్కులుంటే తెలియనివి వదిలేయమనాలా?
– ఒక తండ్రి, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: పేరు ఒకటే, దారి వేరు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ 1959లో రుమేనియాలో మొదలైంది. మన దేశం 1989 నుంచి పాల్గొంటోంది, 1996లో ముంబైలో ఆ పోటీని నిర్వహించింది కూడా. దానికి జట్టు ఎంపికను ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం చూస్తుంది, రాసేది హైస్కూలు, ఇంటర్ వయసు పిల్లలు. చిన్న తరగతుల్లో ప్రైవేటు సంస్థలు పెట్టే ఒలింపియాడ్‌లలో ర్యాంకు వచ్చినంత మాత్రాన ఆ ఎంపికలో ఏ మెట్టూ తగ్గదు. ఫీజు కట్టే ముందు ఇది తెలిసి ఉండాలి. చిన్నపిల్లల కోసమే ఆలోచించి చేసిన పోటీల్లో కంగారూ ఒకటి. ఆస్ట్రేలియా పోటీని చూసి 1991లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టారు, పేరు అలా వచ్చింది. అయిదు ఆప్షన్లు, సులువు నుంచి కష్టానికి 3, 4, 5 మార్కుల ప్రశ్నలు. పాత పేపర్లు సాధనకు చాలా బాగుంటాయి. రెండో తరగతి పిల్లలకు 3 మార్కులవన్నీ, 4 మార్కులవి కొన్ని వస్తే సంతోషించండి.

నెగెటివ్ మార్కుల నియమం పోటీని బట్టి మారుతుంది, సూచనల కాగితం చదవండి. అయిదు ఆప్షన్లుండి, తప్పుకు ఆ ప్రశ్న మార్కులో పావు వంతు కోస్తే, గుడ్డిగా దిద్దినందుకు సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్‌నైనా ఇది కాదని తేల్చగలిగితే దిద్దడమే మేలు. ఏడేళ్ల పిల్లలకు ఇదంతా చెప్పకండి. ‘ఒకటైనా కొట్టేయగలిగితే దిద్దు, లేకపోతే వదిలెయ్’ అంటే చాలు. వదిలినప్పుడు ఓఎంఆర్ షీట్‌లో కూడా ఆ వరుస వదలాలి. 7వ ప్రశ్న వదిలి 8వ జవాబును 7వ వరుసలో దిద్దితే అక్కణ్నుంచి అన్నీ జారిపోతాయి. నమూనా షీట్ జిరాక్స్ తీయించి, కావాలనే మధ్యలో రెండు ప్రశ్నలు వదిలించి దిద్దించండి.

ప్రశ్న: ‘ఎన్ని రకాలుగా’ అన్న ప్రశ్నలంటే మా పాపకు భయం. 1, 2, 5 రూపాయల నాణేలతో 10 రూపాయలు ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు అంటే ఆరో ఏడో చెప్పి ఆగిపోతుంది. మూడో తరగతి.
– ఒక తల్లి, గుణదల, విజయవాడ

జవాబు: పదితో మొదలుపెట్టకండి, ముందు 5 రూపాయలు ఇవ్వమనండి. నిజం నాణేలే ఇవ్వండి. అయిదు బిళ్ల ఒకటి. అది లేకుండా రెండు బిళ్లలు రెండు, ఒకటి, సున్నా. మొత్తం 4 రకాలు. ఇందులో పట్టుకోవాల్సింది ‘పెద్ద బిళ్ల నుంచి దిగు’ అనే క్రమం. పదికి కూడా అంతే. 5లు రెండయితే 1 రకం. 5 ఒకటే అయితే మిగిలిన అయిదు రూపాయలకు 3 రకాలు. 5లు లేకపోతే 2 రూపాయల బిళ్లలు 5, 4, 3, 2, 1, 0, అంటే 6 రకాలు. కలిపితే 10. పాప ఆగిపోయేది ఒక రకం నుంచి ఇంకో రకానికి గెంతడం వల్ల. మూడు గడుల పట్టిక గీసి పైన 5, 2, 1 అని రాసి, ఒక్కో వరుస నింపించండి. రెండు వరుసలు ఒకేలా వస్తే పాపే కొట్టేస్తుంది.

ఇదే క్రమం అంకెల లెక్కల్లోనూ కావాలి. 2, 0, 5లతో, ఒక్కో అంకెనూ ఒకసారే వాడి రెండంకెల సంఖ్యలు ఎన్ని? పాప 6 అంటే 02, 05 కూడా రాసుకుందన్నమాట. 20, 25, 50, 52, నాలుగే. 1 నుంచి 20 దాకా రాస్తే 1 అనే అంకె ఎన్నిసార్లు రాస్తాం? 11 అనే జవాబు వస్తే ఆశ్చర్యపోకండి, పదకొండులో రెండు ఒకట్లున్నాయని మరిచిపోయింది. ఒకట్ల స్థానం ఒక వరుసలో (1, 11), పదుల స్థానం ఇంకో వరుసలో (10 నుంచి 19 దాకా) విడివిడిగా రాయించండి. రెండూ పదీ, పన్నెండు.